బరువు లాగే గాలి: డీజిల్ ట్రక్కు గాలిదారి చరిత్ర

పెట్రోలు ఇంజనులో డ్రైవరు పెడలు నొక్కినప్పుడు తెరుచుకునేది గాలి దారి; డీజిల్ ఇంజనులో పెరిగేది చమురు మోతాదు. డీజిల్ సిలిండరు ప్రతి విడతా తనకు పట్టినంత గాలిని పీల్చుకుంటుంది, ఆ గాలితో ఎంత చమురు కాలగలిగితే అంత శక్తినే ఇస్తుంది, అంతకు మించి పోసిన చమురు శక్తిగా మారకుండా నల్లటి పొగగా బయటికి పోతుంది. ఒక కిలో డీజిల్ పూర్తిగా కాలడానికి లెక్క ప్రకారం సుమారు 14.5 కిలోల గాలి అవసరం కాగా, పొగ రాకుండా నడవాలంటే ఆచరణలో అంతకన్నా ఎక్కువే కావాలి. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనును విజయవంతంగా నడిపి చూపిన నాటి నుంచి, వెనుక ట్రైలరు తగిలించుకుని కొండదారి ఎక్కే నేటి అమెరికన్ పికప్ ట్రక్కుల వరకు, బరువు లాగే సామర్థ్యం పెంచుకోవాలనుకున్న ప్రతివారూ చివరికి ఆ గాలి సమస్య దగ్గరికే రావలసి వచ్చింది.

ఆ సమస్య మొదట దుమ్ము రూపంలో ఎదురైంది. పొడినేలల మీద పనిచేసే ట్రాక్టర్లు పీల్చిన సన్నని ఇసుక సిలిండరు గోడలను ఆకురాయిలా అరగదీసి, ఇంజనును కొద్దికాలంలోనే పనికిరాకుండా చేసేది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఫ్రాంక్ డొనాల్డ్‌సన్ 1915లో ట్రాక్టరు కోసం ఎయిర్ క్లీనరు తయారుచేసి, దాని మీదే సంస్థను నిలబెట్టాడు. తరువాతి దశాబ్దాలలో ఆయిల్ బాత్ క్లీనరు విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. లోపలికి వచ్చిన గాలి డబ్బా అడుగున ఉన్న నూనెను తాకి ఒక్కసారిగా పైకి మళ్లుతుంది. బరువైన ధూళికణాలు ఆ మలుపు తిరగలేక నూనెలో పడిపోతాయి, మిగిలిన సన్నని ధూళిని నూనెతో తడిసిన తీగల జాలి పట్టుకుంటుంది. తెలుగు పల్లెలలో పాత ట్రాక్టర్ల బానెట్ పక్కన నిలిచి ఉండే నల్లని డబ్బా ఇదే. పొడి దుక్కి దున్నే రోజులలో దాని అడుగు గిన్నెను విప్పి, బురదగా మారిన నూనెను పారబోసి, కొత్త నూనె నింపడం ట్రాక్టరు నడిపేవారి నిత్యకృత్యం. గాలిని ఎక్కువగా తోయడం నేర్చిన వారికి దక్కిన కీర్తి, గాలిని శుభ్రంగా పంపడం నేర్చిన వారికి దక్కలేదు. అది న్యాయం కాదనడానికి ముందు ముందు సాక్ష్యం కనిపిస్తుంది.

గాలిని తోసే ఉపాయం స్విట్జర్లాండుకు చెందిన ఆల్‌ఫ్రెడ్ బ్యుహిది. పొగ గొట్టం గుండా వృథాగా పోయే వేడి వాయువుల వేగంతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకు అమర్చిన మరో చక్రంతో బయటి గాలిని అదిమి సిలిండరులోకి పంపే పద్ధతికి ఆయన 1905లో పేటెంటు కోరాడు. టర్బోచార్జర్ అని నేడు పిలిచే ఈ పరికరం 1920లలో జర్మన్ ప్రయాణికుల ఓడలు ‘ప్రాయిసన్’, ‘హాన్సెస్టాట్ డాంట్సిగ్’లలో చేరి, వాటి ఇంజన్ల శక్తిని 1,750 నుంచి 2,500 అశ్వశక్తికి పెంచింది. ఓడకు సరిపోయిన యంత్రాన్ని ట్రక్కు బానెట్ కింద ఇమిడేంతగా కుదించడానికి మరికొంత కాలం పట్టింది. స్విస్ సంస్థ సౌరర్ 1938లో ట్రక్కు ఇంజనుకు దానిని అమర్చింది.

ఈ చరిత్రలో అన్నిటికన్నా స్పష్టంగా గుణపాఠం చెప్పిన సంఘటన ఒక పందెంలో జరిగింది. 1952 ఇండియానాపొలిస్ 500 మైళ్ల పందేనికి కమిన్స్ సంస్థ, తన 6.6 లీటర్ల ట్రక్కు ఇంజను ఆధారంగా నిర్మించిన డీజిల్ కారును దింపింది. కారు ఎత్తు తగ్గించడానికి ఇంజనును పక్కకు పడుకోబెట్టారు, టర్బోచార్జరు అమర్చారు. డ్రైవరు ఫ్రెడ్డీ అగాబాషియన్ అర్హత పరుగులో గంటకు 138.010 మైళ్ల సగటు వేగం సాధించగా, పెట్రోలు కార్లు, మెథనాల్ కార్లు వెనుక నిలబడి డీజిల్ కారుకు మొదటి స్థానం ఇవ్వవలసి వచ్చింది. అయితే టర్బోచార్జరు గాలి పీల్చే నోరు కారు ముందుభాగంలో నేలకు దగ్గరగా ఉంది. పందెం సాగుతున్నకొద్దీ ముందు పోయే కార్ల టైర్ల నుంచి రాలిన రబ్బరు తునకలు ఆ నోటిలో చేరి, గాలిదారిని కొంచెం కొంచెంగా పూడ్చివేశాయి. గాలి తగ్గి, పొగ పెరిగి, 71వ చుట్టు దగ్గర కారు పందెం నుంచి తప్పుకుంది. ఇంజను లోపలి భాగాలన్నీ నిలబడినా, గాలి పీల్చే చోటును సరిగా ఎంచుకోకపోవడం మొత్తం ప్రయత్నాన్ని ఓడించింది.

సరుకు లారీలలో టర్బోచార్జరు స్థిరపడిన చాలాకాలం తరువాత గాని అమెరికాలో రైతులు, గుర్రాల పెంపకందార్లు, చేతిపనులవారు నడిపే పికప్ ట్రక్కులకు అది అందలేదు. 1982లో జనరల్ మోటార్స్ తెచ్చిన 6.2 లీటర్ల డీజిల్, మరుసటి ఏడాది ఫోర్డ్ తెచ్చిన 6.9 లీటర్ల డీజిల్, రెండూ టర్బో లేకుండా సహజంగా గాలి పీల్చుకునేవే. చమురు పొదుపు చేసినా, ఎత్తు ప్రదేశాలలో అవి బాగా ఆయాసపడేవి. కొలరాడోలో 11,000 అడుగులకు పైన ఉన్న ఐజన్‌హోవర్ సొరంగం దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉండే దానిలో సుమారు మూడింట రెండు వంతులే కాబట్టి, అదే నిష్పత్తిలో ఇంజను బలమూ పడిపోయేది. ఈ లోటు తీర్చడానికి కాలిఫోర్నియాలో గేల్ బ్యాంక్స్ వంటివారు అమ్మిన టర్బో కిట్లతోనే పికప్ గాలిదారిని మార్చుకునే అలవాటు గట్టిపడింది.

1989 మోడల్‌గా వచ్చిన డాడ్జ్ రామ్ ఆ మార్పును కర్మాగారంలోకే తెచ్చింది. వ్యవసాయ, నిర్మాణ యంత్రాలకూ వాడే 5.9 లీటర్ల కమిన్స్ ఇంజను టర్బోతో సహా అందులో చేరి, 160 అశ్వశక్తిని, 400 పౌండు అడుగుల టార్కును, అంటే ఇరుసును మెలితిప్పే బలాన్ని, ఇచ్చింది. కొద్దికాలానికే దానికి ఇంటర్‌కూలరు తోడైంది. గాలిని రెండింతల పీడనానికి అదిమితే 30 డిగ్రీల గాలి 120 డిగ్రీలు దాటుతుంది. వేడెక్కిన గాలి వ్యాకోచించి పలచబడుతుంది కాబట్టి, దానిని రేడియేటరు వంటి పలకల గుండా పంపి 60 డిగ్రీలకు దించితే, అదే పీడనంలో దాదాపు ఐదో వంతు ఎక్కువ గాలి సిలిండరులో పడుతుంది.

యజమానులు స్వయంగా చేసుకున్న మార్పులను ఈ లెక్కతో పోల్చి చూడాలి. నిమిషానికి 2,500 చుట్ల వేగంలో ఈ కమిన్స్ ఇంజను టర్బో సాయం లేకుండానే నిమిషానికి ఇంచుమించు 7 ఘనమీటర్ల గాలి పీలుస్తుంది. పదడుగుల గదిలోని గాలి దానికి నాలుగు నిమిషాలకు చాలుతుంది. అంత గాలికి కంపెనీ అమర్చిన ఫిల్టరు పెట్టె ఇరుకని భావించినవారు దానిని తీసివేసి, పెద్ద యంత్రాలకు వాడే డబ్బాలాంటి ఫిల్టరును నేరుగా టర్బో గొట్టానికి బిగించారు. శుభ్రమైన ఫిల్టరు కలిగించే అడ్డంకి సుమారు 10 అంగుళాల నీటిమట్టానికి సమానమనుకుంటే, అది వాతావరణ పీడనంలో రెండున్నర శాతం మాత్రమే. దానిని పూర్తిగా తొలగించినా వచ్చే లాభం అంతే. పైగా మూత లేని ఫిల్టరు బానెట్ కింది వేడిగాలిని పీల్చితే ఆ లాభమూ పోతుంది. మార్పు వల్ల మేలు పొందినవారు బయటి చల్లగాలిని తెచ్చుకున్నవారు, ఫలితాన్ని పైరోమీటరుతో, అంటే పొగవాయువుల వేడిని చూపే ముల్లుతో, కొలుచుకున్నవారు. లాగే బరువుతో కొండ ఎక్కేటప్పుడు ఆ ముల్లు 1,250 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే సుమారు 675 సెల్సియస్ డిగ్రీలు, దాటితే పిస్టన్లు కరిగే ప్రమాదం ఉందని గ్రహించి పెడలు మీద కాలు తగ్గించేవారు. వారికి చల్లగాలి వల్ల కలిగిన నిజమైన ప్రయోజనం ఆ ముల్లు కాస్త కిందికి దిగడమే.

క్రమంగా చట్టం కూడా ఈ గాలిదారిలోకి ప్రవేశించింది. కాలిఫోర్నియాలో గాలిదారిని మార్చుకోవడానికి విడిగా అమ్మే ఇన్‌టేక్ కిట్టుకు, కాలుష్యం పెంచదని నిర్ధారించి ఆ రాష్ట్ర వాయువనరుల మండలి ఇచ్చే ఉత్తర్వు సంఖ్య ఉండాలి. లాగే బరువును ప్రకటించడానికి కంపెనీలన్నిటికీ ఒకే కొలమానంగా జె2807 ప్రమాణం ఏర్పడి, అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎగువదారిని మండుటెండలో, ఏసీ పూర్తిగా వేసి, నిర్ణీత వేగం తగ్గకుండా ఎక్కాలని విధించింది. అటువంటి పరీక్షలో చల్లగాలి విలువ ఇంజనీర్లకు వేరే చెప్పనవసరం లేదు. 2017 మోడల్ షెవర్లే సిల్వరాడో హెచ్‌డీ డీజిల్ ట్రక్కుకు జనరల్ మోటార్స్ బానెట్ మీదే గాలినోరు తెరిచింది. అక్కడి నుంచి లోపలికి వచ్చిన గాలి ఫిల్టరును చేరకముందే ఒక్కసారిగా వెనక్కి మళ్లుతుంది. వాననీటి చుక్కలు ఆ మలుపు తిరగలేక విడిపోయి అడుగున చేరి, చిన్న కవాటం గుండా బయటికి కారిపోతాయి.