విమాన భద్రతకు బాధ్యులెవరు? అంతర్జాతీయ తనిఖీ చరిత్ర

1996 నవంబరు 12 సాయంత్రం సౌదీ అరేబియా ఎయిర్‌లైన్స్ బోయింగ్-747 విమానం ఢిల్లీ నుంచి బయల్దేరింది. అదే సమయంలో కజకిస్థాన్‌లోని షిమ్‌కెంట్ నుంచి వస్తున్న ఇల్యూషిన్-76 విమానం ఢిల్లీలో దిగబోతోంది. హర్యానాలోని చర్ఖీ దాద్రీ సమీపంలో ఆ రెండూ గాలిలోనే ఢీకొన్నాయి. రెండింటిలో ఉన్న 349 మందిలో ఒక్కరూ మిగల్లేదు. వారిలో చాలామంది బతుకుదెరువు కోసం గల్ఫ్‌కు వెళ్తున్న భారతీయులు.

విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఒక విమానం సౌదీ ప్రభుత్వ పర్యవేక్షణలోనిది, మరొకటి కజకిస్థాన్‌ది. ఆకాశం, కంట్రోలర్ మనవి. మరి ఎవరు ఎవరిని తనిఖీ చేయాలి?

దీనికి మూలం 1944 నాటి షికాగో ఒప్పందంలో ఉంది. 52 దేశాలు సంతకం చేసిన ఆ ఒప్పందంలోని 33వ అధికరణం ప్రకారం, కనీస ప్రమాణాలకు లోబడి ఒక దేశం ఇచ్చిన లైసెన్సులను మిగతా దేశాలు గుర్తించాలి. ఆ ప్రమాణాలను రూపొందించడానికి 1947లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావ్, ఏర్పడింది. అయితే ప్రమాణాల అమలును చూసుకునే పని ఏ దేశానికి ఆ దేశానిదే. కాబట్టి వ్యవస్థ అంతా పరస్పర నమ్మకం మీద నడిచింది. కజకిస్థాన్ విషయానికి వస్తే, అప్పటికి అది స్వతంత్ర దేశమై అయిదేళ్లు కూడా నిండలేదు!

ప్రమాదంపై న్యాయమూర్తి ఆర్.సి. లాహోటి కమిషన్ విచారణ జరిపింది. కజక్ విమానం 15,000 అడుగుల దగ్గర ఆగాలి. సౌదీ విమానం 14,000 అడుగుల దగ్గర ఉంది. ఎదురుగా విమానం వస్తోందని కంట్రోలర్ హెచ్చరించాడు కూడా. అయినా కజక్ విమానం అనుమతి లేకుండా కిందికి దిగిందని, సిబ్బందికి ఇంగ్లీషు సరిగా రాకపోవడం ఇందుకు ఒక కారణమని కమిషన్ తేల్చింది. కంట్రోలర్‌తో మాట్లాడింది పైలట్ కాదు, రేడియో ఆపరేటర్. ఎత్తు చూపే పరికరం అతని ముందు లేదు, పైలట్ల భుజాల మీదుగా తొంగి చూడాల్సిందే. మన వైపు లోటు లేదా అంటే, ఉంది. కంట్రోలర్ వాడుతున్న రాడార్ విమానం ఎక్కడుందో చూపేదే గాని ఎంత ఎత్తులో ఉందో చూపేది కాదు. వచ్చే విమానాలకూ పోయే విమానాలకూ దారి ఒక్కటే.

ఆ తర్వాత మార్పులు వేగంగా వచ్చాయి. ఢీకొనే ప్రమాదాన్ని ముందే పసిగట్టి పైలట్‌ను హెచ్చరించే పరికరాన్ని భారత్ తప్పనిసరి చేసింది. 2003 నుంచి పెద్ద విమానాలన్నింటికీ ఐకావ్ దాన్ని విధించింది. పైలట్లకు, కంట్రోలర్లకు భాషా పరీక్షలూ వచ్చాయి. వీటన్నింటికంటే కీలకమైన మార్పు 1999లో జరిగింది. అంతకుముందు కోరిన దేశాన్ని మాత్రమే పరిశీలించే ఐకావ్, ఆ ఏడాది నుంచి సభ్యదేశాల పర్యవేక్షణ వ్యవస్థలన్నింటినీ తప్పనిసరిగా ఆడిట్ చేయడం ప్రారంభించింది.

అమెరికా అంతవరకు ఆగలేదు. 1992 నుంచే తన దేశానికి విమానాలు నడిపే దేశాల నియంత్రణ సంస్థలను సొంతంగా అంచనా వేస్తోంది. ఒక సార్వభౌమ దేశానికి మరో దేశం మార్కులు వేయడమేమిటన్న అభ్యంతరంలో న్యాయం లేకపోలేదు. కాని ఫలితం కూడా కనిపించింది. 2014 జనవరి 31న అమెరికా భారత్‌ను రెండో శ్రేణికి దించింది. మన సంస్థలు అక్కడికి కొత్త సర్వీసులు పెంచే వీలు లేకపోయింది. లోపం విమానాలది కాదు, వాటిని పర్యవేక్షించే డీజీసీఏది. అక్కడ తగినంతమంది తనిఖీ అధికారులు లేరు. నియామకాలు, శిక్షణ జరిగాక 2015 ఏప్రిల్‌లో మొదటి శ్రేణి తిరిగి దక్కింది. డీజీసీఏకు చట్టబద్ధ సంస్థ హోదా మాత్రం 2020లో చేసిన చట్ట సవరణతో గాని రాలేదు.