ఊళ్ల పేర్లు మోసే తీగ

కపూరి చిలుమూరు, కపూరి దొడ్డిపట్ల, కపూరి తుని, కపూరి పెదచెప్పలి. ఇవి తమలపాకు రకాలు. చిలుమూరు కృష్ణ ఒడ్డున, దొడ్డిపట్ల గోదావరి ఒడ్డున, తుని తాండవ ఒడ్డున ఉన్న ఊళ్లు. పెదచెప్పలి కడప జిల్లాది. వరి రకాలకు నంబర్లు వచ్చాయి గానీ ఈ తీగకు ఊళ్ల పేర్లే నిలిచాయి. ఎందుకో దాన్ని పెంచే తీరులోనే తెలుస్తుంది.

తమలపాకు తోటను ఎవరూ విత్తనం చల్లి వేయరు. ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. మన తోటల్లో కాయ పట్టడమే అరుదు. నాలుగైదు కణుపుల ముక్క కోసి నాటాల్సిందే. అంటే ఇవాళ్టి ప్రతి తీగా వెనకటి తోటలోని తీగకు కొనసాగింపే. ముక్క ఏ ఊరి నుంచి వస్తే ఆ ఊరి పేరూ దాని వెంట వస్తుంది.

మా తాతయ్యకు పొన్నూరు దగ్గర ఆకుతోట ఉండేది. ముందు అవిసె గింజలు వరసగా వేసేవాడు. అవిసె ఎదిగి పలచగా నీడ పడ్డాకే దాని మొదట్లో తీగ ముక్క పెట్టేవాడు. కణుపుల దగ్గర పుట్టే వేళ్లు అవిసె బెరడును పట్టుకునేదాకా తీగను జమ్ముతో వదులుగా కట్టాలి. బిగిస్తే లేత కాడ నలుగుతుంది. నీడ ముదిరితే అవిసె కొమ్మలు నరికి పశువులకు వేసేవాడు. తీగ చేతికందనంత ఎత్తుకు పోయాక కిందికి దించి, ఆకు కోసేసిన కాడను చుట్టగా చుట్టి మట్టి కప్పితే మళ్లీ చిగురు పెట్టి పైకి పాకేది. నేలలో ఎప్పుడూ తడి ఉండాలి, నీరు మాత్రం నిలవకూడదు. నిలిస్తే మొదలు కుళ్లి తీగ వాడిపోతుంది. తోటలోకి ఎవరినీ చెప్పులతో రానిచ్చేవాడు కాదు. లక్ష్మి ఉండే చోటనేవాడు. మొదలు కుళ్లించే ఆ తెగులు మట్టిలోనే ఉంటుంది, చెప్పులకు అంటిన మట్టితో తోటలోకి రాగలదు కాబట్టి ఆయన భక్తి తోటకూ మేలే చేసింది.

ఈ ఆకుకు రాజసభల్లోనూ గౌరవం ఉండేది. 1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, రెండో దేవరాయలు తనకు తమలపాకు కట్టలు, 500 ఫణాల సంచి, కర్పూరం ఇప్పించాడని రాసుకున్నాడు. డబ్బుతో సమానంగా ఆకునూ లెక్కపెట్టిన కాలమది.

కోసిన ఆకు ఎన్నాళ్లో నిలవదు. అందుకే నీటితోపాటు దారీ కావాలి. బెజవాడ ఆనకట్ట 1855కి పూర్తయి డెల్టాకు కాలువ నీళ్లొచ్చాయి. 1899లో మద్రాసు నుంచి బెజవాడకు రైలు కలిసింది. తడి గోనె కప్పిన ఆకు బుట్టలు నిడుబ్రోలు స్టేషనుకు చేరడం తాతయ్య చిన్ననాటి నుంచే చూశాడు.

తరవాత పాన్ మసాలా పొట్లాలొచ్చాయి, కూలీ ఖర్చు పెరిగింది, మా తోట పోయింది. వరి మానేసిన రైతు మళ్లీ విత్తనం కొని వేసుకోవచ్చు. ఒక ఊరి తీగ పూర్తిగా పోతే దాన్ని ఏ కొట్లోనూ కొనలేం. అందుకే పెరట్లో తమలపాకు నాటదలచినవాళ్లను ఒకటే కోరతాను: ముక్క తెచ్చుకునేటప్పుడు అది ఏ ఊరిదో అడగండి, ఆ పేరు రాసిపెట్టుకోండి, అడిగినవాళ్లకు లేదనకుండా ఒక ముక్క కోసివ్వండి. ఆ ఊరి తీగ బతకడానికి అంతకుమించి దారి లేదు.