వేంగి కోడళ్లు

మేనరికాలు మంచివా కావా అని ఇవాళ డాక్టర్లు ఒకటి చెబితే ఇంట్లో పెద్దవాళ్లు ఇంకొకటి చెబుతారు. ఆ తగవు అలా ఉంచి, వెయ్యేళ్ల కిందట వరసగా జరిగిన రెండు మేనరికాలు మన గోదావరి సీమ తలరాతనే మార్చేశాయంటే నమ్ముతారా?

గోదావరి, కృష్ణల నడుమ ఉన్న ఈ పంటసీమకు ఆనాటి పేరు వేంగినాడు. ఏలూరు దగ్గరి పెదవేగి దాని పాత రాజధాని. 7వ శతాబ్దం తొలినాళ్లలో బాదామి చాళుక్యరాజు రెండవ పులకేశి దీన్ని గెలిచి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడి చేతిలో పెట్టాడు. ఆ తమ్ముడి సంతతే తూర్పు చాళుక్యులు.

973లో ఇక్కడి దానార్ణవ మహారాజును జటాచోడ భీముడు చంపి గద్దె ఎక్కాడు. దానార్ణవుడి కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యుడు చోళుల పంచన చేరారు. రాజరాజ చోళుడు వారిని ఆదరించి, భీముణ్ణి ఓడించి శక్తివర్మకు రాజ్యం ఇప్పించాడు. విమలాదిత్యుడికి తన కూతురు కుందవ్వనే ఇచ్చాడు. ఆ పిల్లకు తన అక్కగారి పేరే పెట్టుకున్నాడాయన. అంత ముద్దుల కూతుర్ని కావేరి ఒడ్డు నుంచి గోదావరి ఒడ్డుకు పంపించాడు. ప్రేమ ఉండవచ్చు, కాని బంగారం పండే ఈ డెల్టా మీద కల్యాణి చాళుక్యులకూ కన్నుందని ఆయనకు బాగా తెలుసు.

కుందవ్వ కొడుకే మన రాజరాజ నరేంద్రుడు. తాతగారి పేరు పెట్టుకున్న ఈ మనవడు మేనమామ రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని చేసుకున్నాడు. ఇది మొదటి మేనరికం.

1022లో పట్టాభిషేకం అయిందన్నమాటేగాని సుఖపడింది తక్కువ. విమలాదిత్యుడికి మేళమ అనే మరో భార్య వల్ల పుట్టిన విజయాదిత్యుడు గద్దె నాదన్నాడు. అతనికి కల్యాణి వారి అండ, ఇతనికి తల్లి పుట్టింటి అండ. సవతి బిడ్డల పోరులో రెండు పెద్ద రాజ్యాల సేనలు మన పొలాలు తొక్కాయి. అలాంటి రాజు నన్నయగారి చేత తెలుగులో రాయించుకున్నది ఏమిటనుకున్నారు? దాయాదుల కథ, మహాభారతం! అందులో ఆయన రాసింది రెండున్నర పర్వాలే అయినా మన సాహిత్యానికి అదే పునాది.

అమ్మంగదేవి కొడుకు రాజేంద్రుడిదీ తాతగారి పేరే. అతనూ మేనమామ కూతురు మధురాంతకిని పెళ్లాడాడు. ఇది రెండో మేనరికం. 1070లో చోళ సింహాసనం ఖాళీ అయ్యేసరికి ఈ గోదావరి బిడ్డ వెళ్లి అమ్మగారి పుట్టింటి గద్దె ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. మనవాడు అంత పెద్ద రాజయ్యాడని మురిసిపోవాలో, సొంత ఇల్లు చిన్నబోయిందని నొచ్చుకోవాలో తెలియదు. కొన్నేళ్లకే వేంగి చోళ రాజకుమారులు వంతులవారీగా వచ్చి ఏలే పరగణా అయిపోయింది. కత్తితో చేజారని రాజ్యం చుట్టరికంతో చేజారింది.

ఆ తరువాత వేంగి పేరే మరుగున పడింది. 1859లో గోదావరి జిల్లా, 1925లో తూర్పు, పశ్చిమ గోదావరులు, 2022లో మళ్లీ కొత్త జిల్లాలు వచ్చాయి. ఆ పేరు ఇప్పుడు ఏలూరు జిల్లాలోని పెదవేగిలోనే మిగిలింది.

ఇంకొక్క ముచ్చట. కులోత్తుంగుడు మొదట వేంగికి పంపిన కొడుకు ముమ్మడి చోడుడు ఏడాదికే వెనక్కి వెళ్లిపోయాడు. తల్లిదండ్రుల పాదసేవను మించిన సుఖం రాజ్యంలో లేదని ఆయన తలచాడట. చెల్లూరు రాగిరేకుల మీద రాసి ఉన్న మాట ఇది. కొడుకు గనుక బెంగపడ్డా చెల్లింది, మెచ్చుకుని శాసనంలో రాశారు. అదే దారిన వచ్చిన కుందవ్వకూ, అమ్మంగకూ అలా వెనక్కి వెళ్లే వీలెక్కడిది? వాళ్లు కోడళ్లు గదా!