దిండు బరువెంత? దుకాణదారుల తాలీమ్ కథ

నరసరావుపేటలో మల్లమ్మ సెంటర్ దగ్గర ఒక హాల్లో చిన్న దుకాణదారులకి ఆన్‌లైన్ తిజారత్ మీద ఒకరోజు తాలీమ్ పెట్టారు. నేను వార్త కోసం వెళ్ళాను. వెళ్తూ వెళ్తూ మా గల్లీ చివర పరుపులు, దిండ్లు కుట్టే చాచాని కూడా బండి ఎక్కించుకున్నాను. చాచా నూర్‌బాషా. వాళ్ళింట్లో తెలుగు, మా ఇంట్లో ఉర్దూ. నేను చాచా అంటే ఆయన 'ఏం అబ్బాయ్' అంటాడు. వాళ్ళ నాన్న దూదేకే విల్లు భుజాన వేసుకుని పల్నాడు పల్లెలన్నీ తిరిగినవాడు. పత్తి పండే సీమ కాబట్టి పనికి కొదవ ఉండేది కాదు. ఆ విల్లు ఇప్పటికీ చాచా దుకాణంలో గోడకి వేలాడుతోంది. కానీ గిరాకీ మాత్రం పదేళ్ళుగా తగ్గుతూనే ఉంది. స్పాంజి పరుపుని చాపలా చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, కొరియర్ కుర్రాడు గడప దాకా తెచ్చి ఇస్తున్నాడు. చాచా కొడుకు ఇక లాభం లేదని హైదరాబాద్ వెళ్ళి కారు తోలుకుంటున్నాడు.

హాల్లో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తెర మీద బొమ్మలు మారాయి. ఆన్‌బోర్డింగ్, కేటలాగ్, ఎస్‌కేయూ, ఫుల్‌ఫిల్‌మెంట్. చాచా చేతులు కట్టుకుని బుద్ధిగా విన్నాడు. చివర్లో లేచి ఒకే సవాల్ అడిగాడు: "నా దిండు కిలోన్నర తూగుద్ది సార్. పార్సిలు వాళ్ళు ఏడు కిలోలకి డబ్బు అడుగుతున్నారు. ఎందుకు?"

"అవన్నీ డ్యాష్‌బోర్డ్‌లో ఉంటాయండీ, ముందు రిజిస్టర్ అవ్వండి" అన్నాడు చెప్పే కుర్రాడు. తర్వాత సమోసా, చాయ్, సర్టిఫికెట్, ఫొటో.

తిరిగి వస్తూ చాచా అన్నాడు: "వాళ్ళు చెప్పింది వ్యాపారమేనంటావా అబ్బాయ్?"

ఆ మాట నన్ను పట్టుకుంది. ఒక్కసారి మన బజారు మాటలు లెక్కపెట్టి చూడండి. దుకాణం, గిరాకీ, మాలు, జమా, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, ఖాతా, హామీ, దళారీ. ఇవన్నీ ఫార్సీ, అరబ్బీ, ఉర్దూ, హిందుస్తానీల దారిన వచ్చి తెలుగులో కలిసిపోయినవే. కోమటి దుకాణంలోనైనా, సాయిబు దుకాణంలోనైనా హిసాబ్ ఈ మాటల్లోనే నడిచింది. ఇన్ని మాటలు వచ్చిన మనిషి ఆ హాల్లో నాలుగు గంటలు మూగవాడై కూర్చున్నాడు. వ్యాపారం తెలీక కాదు. ఆయన మాటలు అక్కడ చెల్లలేదు, అంతే.

దూరం నుంచి మాలు తెప్పించుకోవడం, వచ్చాక డబ్బు ఇవ్వడం మనకి కొత్తా అంటే, అదీ కాదు. 1877లోనే తపాలా శాఖ వాల్యూ పేయబుల్ పోస్ట్ మొదలుపెట్టింది. జనం నోట్లో అది 'వీపీ'. అమ్మేవాడు పార్సిల్ పోస్టాఫీసులో ఇస్తాడు, ఇంత సొమ్ము వసూలు చేయాలని ఫారం రాసిస్తాడు. పోస్ట్‌మాన్ ఇంటికొచ్చి డబ్బు తీసుకుని పార్సిల్ చేతికిస్తాడు. ఆ డబ్బు మనీఆర్డరుగా అమ్మినవాడికి చేరుతుంది. ఇప్పుడు మనం క్యాష్ ఆన్ డెలివరీ అంటున్నది ఇదే. ఫ్లిప్‌కార్ట్ 2010లో ఈ తరీఖా మొదలుపెట్టినప్పుడు పేపర్లు కొత్త వింతలా రాశాయి. మా దాదాకి వినిపించి ఉంటే నవ్వేవారు.

ఎందుకంటే గురజాల తాలూకాలో ఒక పల్లెలో ఉండి కూడా ఆయన ఢిల్లీ, లక్నో కుతుబ్‌ఖానాల నుంచి ఉర్దూ కితాబులు వీపీలో తెప్పించుకునేవారు. 'సాయిబుగారూ, వీపీ వచ్చింది, డబ్బు చూసుకోండి' అని పోస్ట్‌మాన్ వీధి మొదట్లోనే కేకేసేవాడట. డబ్బు లేకపోతే 'రెండ్రోజులు ఆగి తీసుకురా' అనేవారట దాదా. ఆ పోస్ట్‌మాన్ ఆగేవాడు. ఫారం చదవడం రానివాళ్ళకి చదివి వినిపించేవాడు, రాయడం రానివాళ్ళకి రాసిపెట్టేవాడు. ఎవరూ ఎవరికీ తాలీమ్ ఇవ్వలేదు. ఫారం, దాన్ని చదివిపెట్టే మనిషి కలిసి గడపకి వచ్చారు, అంతే.

వీపీలో చిక్కూ ఉండేది. విడిపించుకోకపోతే పార్సిల్ వెనక్కి పోతుంది, పోను రాను పోస్టేజీ అమ్మినవాడి నెత్తిన పడుతుంది. ఇవాళ ఆన్‌లైన్ సెల్లర్లు 'రిటర్న్' అని తల పట్టుకుంటున్నది ఈ పాత బీమారీనే.

దుకాణదారుకి తాలీమ్ ఇవ్వడం అన్న ఖయాల్ ఎప్పుడు మొదలైందో వెతికితే, మన ఆంధ్రాలోనే ఒక పెద్ద కథ దొరికింది. హైదరాబాద్ యూసఫ్‌గూడలో ఇవాళ నిమ్స్‌మీ అని పిలిచే సంస్థ ఉంది. 1960లో ఢిల్లీలో పుట్టి, 1962లో సియెట్ పేరుతో హైదరాబాద్ వచ్చింది. చిన్న పరిశ్రమలవాళ్ళకి తాలీమ్ ఇవ్వడమే దాని పని. హార్వర్డ్ యూనివర్సిటీ మానసిక శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1964లో కాకినాడ వ్యాపారుల్ని జట్లు జట్లుగా అక్కడికి రప్పించి, పదిరోజులపాటు ఒక వింత తాలీమ్ ఇప్పించాడు. అందులో జమాఖర్చులు చెప్పలేదు, బ్యాంకు అప్పు ఎలా తెచ్చుకోవాలో చెప్పలేదు. ఒక బొమ్మ చూపించి కథ రాయమన్నారు. ఆటలాడించారు. ఎంత దూరం నుంచి గురి చూస్తావు, దగ్గర నుంచి కొట్టి గెలిస్తే నీకు సంతోషమా, కాస్త కష్టమైన దూరం ఎంచుకుంటావా అని వాళ్ళ స్వభావం వాళ్ళకే చూపించారు. రాబోయే రెండేళ్ళలో ఏం చేస్తావో నీ చేత్తో నువ్వే రాయమన్నారు. తర్వాత ఊరుకోలేదు. వెనక్కి వెళ్ళి, ఎవరు ఏం చేశారో చూశారు.

పక్కనే ఉన్న రాజమండ్రి వ్యాపారుల్ని తాలీమ్ లేకుండా వదిలి పోలిక కోసం పెట్టుకున్నారు. తాలీమ్ తీసుకున్నవాళ్ళలో దాదాపు సగం మంది ఏదో ఒక కొత్త పని మొదలుపెట్టారు. తీసుకోనివాళ్ళలో అది నాలుగో వంతు దగ్గర ఆగింది. ఈ ప్రయోగం మీద మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి రాసిన పుస్తకం 1969లో వచ్చింది. కులం, ఆచారం అడ్డొస్తాయని అప్పటి పెద్దలు అనుకునేవారు. కాకినాడలో అవి అడ్డు రాలేదు. తేడా వచ్చింది మరో చోట. దుకాణంలో ఫైసలా తన చేతిలో ఉన్నవాడు మారాడు. నాన్న మాట మీదో, అన్న మాట మీదో నడిచేవాడు తాలీమ్ తీసుకున్నా పెద్దగా కదలలేకపోయాడు.

ఇది చదివినప్పుడు మన హాలు గుర్తొచ్చింది. కుర్చీల్లో సగం మంది దుకాణదారుల కొడుకులు, గుమాస్తాలు. గల్లాపెట్టె తాళం నడుముకి కట్టుకున్నవాళ్ళు బజార్లోనే ఉండిపోయారు. చాచా లాంటివాళ్ళు నలుగురైదుగురు.

మధ్యలో ముప్పై ఏళ్ళు నేను తొందరగా దాటేస్తాను. 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్‌నెట్ తెచ్చింది. 2001లో ఈ-సేవ వచ్చింది. నరసరావుపేటలో నెట్ సెంటర్లలో మేం డిగ్రీ రిజల్ట్స్ చూసుకున్నాం. దుకాణదారుకి వీటితో పడింది తక్కువే.

దుకాణదారుని నిజంగా తట్టి లేపింది 2016 నవంబర్ 8 రాత్రి. నోట్లు రద్దయ్యాయి. పల్నాడు పత్తి, మిర్చి నఖద్ మీద నడిచే సీమ. ఆ శీతాకాలం బజారు ఎలా ఉందో మీకు నేను చెప్పనక్కర్లేదు. డిసెంబర్ 30న భీమ్ యాప్ వచ్చింది. తర్వాత రెండు మూడేళ్ళలో పుచ్చకాయల బండి మీద కూడా క్యూఆర్ అట్ట వేలాడింది. ఇది ఏ హాల్లో నేర్పారు? ఎక్కడా నేర్పలేదు. ఒక కుర్రాడు బండి దగ్గరికే వచ్చాడు. ఫోను చేతిలోకి తీసుకుని యాప్ వేశాడు, అట్ట అంటించాడు, తన ఫోను నుంచి ఒక్క రూపాయి పంపి 'వచ్చిందా బాబాయ్' అని చూపించాడు. తర్వాత చిన్న డబ్బా వచ్చి, 'యాభై రూపాయలు అందాయి' అని తెలుగులో అరవడం మొదలుపెట్టింది. చదువు రాని ఖాలాకి కూడా భరోసా వచ్చింది. కంపెనీలు ఇదంతా ఖైరాత్‌కి చేయలేదు, వాళ్ళ లెక్క వాళ్ళది. కానీ తాలీమ్ ఎలా ఉండాలో మాత్రం పాత పోస్ట్‌మాన్ తర్వాత మళ్ళీ వాళ్ళే చూపించారు.

అదే దుకాణదారు డబ్బు తీసుకోవడం దాటి, మాలు ఆన్‌లైన్‌లో అమ్మబోతే మాత్రం గోడ తగిలింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. మామూలుగా ఏడాది అమ్మకం పరిమితి దాటితేనే రిజిస్ట్రేషన్. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సరుకులకి ఆ హద్దు 40 లక్షలు. కానీ ఆన్‌లైన్ సంస్థల ద్వారా సరుకు అమ్మేవాడికి ఆ హద్దు వర్తించదు, ఒక్క గలేబు అమ్మినా రిజిస్ట్రేషన్ తప్పదని షరతు. పెద్ద బజార్ల తలుపులు చాచా లాంటివాళ్ళకి ఆరేళ్ళు ఇలా మూసి ఉన్నాయి. 2023 అక్టోబర్ 1 నుంచి సడలించారు. హద్దు లోపల ఉన్నవాడు పాన్ కార్డుతో జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తెచ్చుకుని అమ్ముకోవచ్చు. అయితే తన రాష్ట్రంలోనే.

ఆ చివరి మాట పల్నాడు వాళ్ళకి ఎక్కడ గుచ్చుకుంటుందో పటం తీసి చూడండి. మాచర్ల నుంచి సాగర్ దాటితే నల్గొండ జిల్లా. దాచేపల్లి దాటి పొందుగుల వంతెన ఎక్కితే అవతల వాడపల్లి, ఆ వెనకే మిర్యాలగూడ. 2014 జూన్ 2కి ముందు అదంతా ఒకే రాష్ట్రం. ఈ గట్టు పిల్లల్ని ఆ గట్టుకి ఇచ్చుకున్నాం. పెళ్ళి పరుపులకి మిర్యాలగూడ వాళ్ళు ఇప్పటికీ వంతెన దాటి చాచా దుకాణానికి వస్తారు. వాళ్ళు వచ్చి కొనుక్కుని పోతే ఏ తకరారూ లేదు. అదే దిండు ఫోన్లో ఆర్డరై కొరియర్లో వంతెన దాటితే అంతర్రాష్ట్ర అమ్మకం, రిజిస్ట్రేషన్ కావాలి. కృష్ణానది మీద మనిషి దాటితే ఒక ఖానూన్, దిండు దాటితే ఇంకో ఖానూన్. ఈ సంగతి ఆ రోజు హాల్లో ఒక్కరూ చెప్పలేదు.

తాలీమ్ పథకాలకి కరువు లేదు. ఫ్లిప్‌కార్ట్ సమర్థ్ 2019లో మొదలైంది. పెద్ద కంపెనీల తలుపు తట్టకుండా అమ్ముకోవడానికని ఓఎన్‌డీసీ 2021 చివర్లో పుట్టింది. చిన్న వ్యాపారాల్ని దాని మీదికి తేవడానికి కేంద్రం 2024 జూన్‌లో 277.35 కోట్ల రూపాయలతో 'టీమ్' పథకం ప్రకటించింది. లక్ష్యం అయిదు లక్షల వ్యాపారాలు, అందులో సగం ఆడవాళ్ళవి. సంతోషం. నా గిలా ఒక్కటే. ఎంతమంది 'చేరారు' అని లెక్క పెడతారు. మూడో నెలలో ఎంతమంది అమ్ముతున్నారు అని లెక్క పెడితే, హాలు అద్దెకి పోయే డబ్బు కాస్త దుకాణాల మెట్లెక్కేవాళ్ళ జీతాలకి పోతుంది.

సరే, చాచా సవాల్‌కి జవాబు. అది డ్యాష్‌బోర్డ్‌లో దొరకలేదు, ఊళ్ళోనే ఒక కొరియర్ ఆఫీసులో దొరికింది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. 60, 40, 15 కొలతల దిండుకి 7.2 కిలోలు వస్తుంది. అసలు బరువు, ఈ లెక్క బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. వాహనంలో చోటుకి కిరాయి అన్నమాట. స్పాంజి పరుపు చుట్టినా విప్పితే లేస్తుంది. దూదిని అలా నొక్కితే ముద్ద కడుతుంది. అదీ చాచా ఓడిపోతున్న చోటు. చెప్పగానే ఆయనకి అర్థమైంది, నాకంటే ముందే. కాసేపు గోడ మీది విల్లుకేసి చూసి, "అయితే దిండు వద్దు అబ్బాయ్. గలేబు పంపిద్దాం" అన్నాడు.

గలేబు మడత పెడితే అరచేతి మందం. ఉర్దూ గిలాఫే తెలుగులో గలేబు అయింది చూశారా.

హైదరాబాద్‌లో ఉన్న కొడుకు భార్య డిగ్రీ చదివింది. ఫొటోలు తీయడం, వాట్సాప్ బిజినెస్‌లో ధరలు పెట్టడం ఆ అమ్మాయి చూసుకుంది. ఫైసలా మాత్రం చాచాదే. ఏ గుడ్డ, ఏ ధర, ఎవరికి ఉధార్ లేదు. నేను చేసిందల్లా మూడు నెలలపాటు శుక్రవారం సాయంత్రాలు ఆ దుకాణం అరుగు మీద కూర్చోవడం. చిరునామాలో పిన్‌కోడ్ ఎక్కడ రాయాలి, రంగు వెలిసిందన్న గిరాకీకి ఏం జవాబు రాయాలి, ఎన్‌రోల్‌మెంట్ నంబర్ ఎందుకు ఆగిపోయింది (పాన్‌లో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా). ఇవన్నీ చిన్న చిన్న ముళ్ళు. కానీ ఒక్కొక్క ముల్లు దగ్గర మనిషి ఆగిపోతాడు.

అమ్మకాలు పెద్దగా ఏం లేవు. కుట్టేవాళ్ళిద్దరికీ వానాకాలంలో కూడా పని ఉంది, అంత వరకు. పోయిన వారం గుంటూరు నుంచి ఒక పార్సిల్ వెనక్కి వచ్చింది. తలుపు తాళం వేసి ఉందట. కోడలు మొహం చిన్నబోయింది. చాచా పార్సిల్ అటూ ఇటూ తిప్పి చూసి, ఎర్రగుడ్డ చుట్టిన ఖాతా పుస్తకం తీసి, పోను రాను చార్జీ ఖర్చు వైపు రాశాడు. "వీపీ విడిపించుకోలేదన్నమాట" అని, ఆ గలేబుల్నే మిర్యాలగూడ నుంచి వచ్చిన పెళ్ళివాళ్ళ ముందు పరిచాడు.