తెలుగు లిపి - అంధపాఠకులు: బ్రెయిల్ నుండి యూనికోడ్ వఱకు

లిపిచరిత్రమనగా అక్షరాకృతుల చరిత్రమని సామాన్యముగా తలచుచుందుము. శాసనలిపి గుండ్రదనమును పొందుట, తలకట్టు నిలుచుట, అచ్చుదిమ్మెలు పోతపోయబడుట మొదలగునవి మనకు పరిచితములే. కాని ఆకృతితో నిమిత్తము లేక తెలుగును చదువుకొను పాఠకులును కలరు. వారికి అనుకూలమగు రీతిని మన వర్ణమాల రెండు పర్యాయములు సంకేతబద్ధమైనది: 1951లో చుక్కలుగాను, 1991లో సంఖ్యలుగాను. మొదటిది వారి నిమిత్తమే ఏర్పడినది. రెండవది ఏర్పడినది అందఱి కొఱకు. ఈ రెంటికిని గల బంధుత్వమును, అది నడుమ తెగిపోయిన విధమును విచారించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

ఫ్రాన్సు దేశీయుడగు లూయీ బ్రెయిల్ (1809-1852) బాల్యముననే చూపు కోల్పోయి, 1829లో తన పద్ధతిని ప్రకటించెను. ఆఱు చుక్కల గడిలో కలుగు కూర్పులు 63 మాత్రమే. భారతదేశమున ఈ పద్ధతి వ్యాపించిన తొలిదినములలో ఒక్కొక్క చోట ఒక్కొక్క పట్టిక వాడుకలో నుండుటచే, ఒక చోట అచ్చయిన పుస్తకము మఱియొక చోట పనికిరాక పోయెడిది. స్వాతంత్ర్యానంతరము యునెస్కో ఈ కార్యమునకు పూనుకొన్నది. దాని బ్రెయిల్ సలహాదారుగా పనిచేసిన సర్ క్లూతా మెకంజీ న్యూజిలాండు వాడు, 1915లో గల్లిపోలి యుద్ధరంగమున కన్నులు కోల్పోయినవాడు. 1951లో భారతీయభాషల కన్నింటికిని 'భారతి బ్రెయిల్' అను ఏకరూపపద్ధతి నిర్ణీతమయ్యెను. ఆ సంవత్సరమే డెహ్రాడూనులో సెంట్రల్ బ్రెయిల్ ప్రెస్ నెలకొన్నది. నాటినుండి తెలుగు కకారమునకును హిందీ కకారమునకును గడి యొక్కటే.

ఈ పద్ధతిలోని నిర్మాణము గమనింపదగినది. ఇందు గుణింతపు గుర్తులు వేఱుగా లేవు. క ప్రక్కన ఇ నిలిపిన 'కి' యగును. ఒత్తులును లేవు. పొల్లును దెలుపు నాలుగవ చుక్క హల్లునకు ముందు వచ్చును. 'భక్తి' అను పదము భ, పొల్లు, క, త, ఇ అని అయిదు గడులలో నడచును. కన్నులతో చదువువానికి క్రింద వ్రేలాడు తకారము, వ్రేలితో చదువువానికి వరుసలోని గడియే యగుచున్నది. క్ష, జ్ఞ లకు మాత్రము ప్రత్యేకముగా గడులు కలవు. ఇది కేవలము సౌకర్యమునకై చేసిన యేర్పాటని కొందఱు తలపవచ్చును. నాకట్లు తోచదు. ఆకృతిని విడిచి వర్ణక్రమమును పట్టుకొనుట యిందలి మూలసూత్రము. మన ప్రాతిశాఖ్యకారులు చేసినదియు నదియే గదా! వారు విచారించినది వర్ణములను, లిపిని గాదు.

కంప్యూటరునకు భారతీయలిపులను నేర్పువేళ మరల నీ ప్రశ్నయే తలయెత్తినది. 1988లో రూపొంది 1991లో జాతీయప్రమాణమైన 'ఇస్కీ' సంకేతము అన్ని లిపులకును ఒక్క వర్ణపట్టికనే గ్రహించినది. 1991లో వెలువడిన యూనికోడ్ ఆ మార్గముననే తెలుగునకు 128 స్థానముల నొసగినది. అందు 'భక్తి' పదము భ, క, పొల్లు, త, గుడి అని నిక్షిప్తమగును. అవియు నయిదే! పొల్లు స్థానము మారినది, ఇకారమునకు మాఱుగా గుడి వచ్చినది. తక్కిన క్రమమంతయు నాలుగు దశాబ్దములకు ముందటి బ్రెయిల్ క్రమమే. ఒకదానినుండి మఱియొకటి పుట్టినదని నేననుట లేదు. రెండును వర్ణక్రమమునే నమ్ముకొన్నవి గనుక ఒక్క చోటికే చేరినవి.

అయితే యూనికోడ్ పుట్టినంతనే వాడుకలోనికి రాలేదు. నాటి యంత్రములు తెలుగు సంయుక్తాక్షరములను కూర్పజాలకుండెను. అచ్చుకూటములవారు పని ఆపుకొని కూర్చుండలేరు గదా! 1990ల నుండి 'అను' మొదలగు ఫాంట్లలో తలకట్టు, గుడి, క్రారవడి, ఒత్తు అను ముక్కలను ఆంగ్లాక్షరముల స్థానములలో నుంచి, వానిని ప్రక్కప్రక్కన పేర్చి, కంటికి తెలుగుగా చూపిరి. కాగితముపై దిగిన అచ్చు చక్కనిదే. కాని ఆ ఫైలును తెఱచదువరి, అనగా తెఱపై నున్న పాఠమును గొంతుతో వినిపించు సాధనము, చదువబూనిన వినబడునది అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపు. ఒక్కొక్క సంస్థవారి యమరిక ఒక్కొక్క విధమగుటచే 1951కి ముందటి బ్రెయిల్ గందరగోళము మరల దాపురించినది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో 'గౌతమి' ఫాంటు వచ్చుట, తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు 'పోతన', 'వేమన' ఫాంట్లను కూర్చుట ఈ చిక్కును విడదీయుటకు తోడ్పడినవి. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, జేమ్స్ తే అను నిరువురు అంధులు ఎన్.వి.డి.ఎ. అను తెఱచదువరిని ఉచితముగా నిచ్చుటకు మొదలిడిరి. ఈ-స్పీక్ అను గొంతుతో అది తెలుగును గూడ పలుకును. ఉచ్చారణ యంత్రసహజమే యైనను చదువు సాగును.

ఇంకొక యడ్డంకి ఛాయాప్రతులది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలకొలది తెలుగుగ్రంథముల పుటలను బొమ్మలుగా భద్రపఱచినది. ఆ సేవను ఎంత కొనియాడినను తక్కువే. కాని బొమ్మలో అక్షరము లేదు. అక్షరములను యంత్రముచే గుర్తింపజేయు పరిశోధనమును హైదరాబాదు విశ్వవిద్యాలయమువారు 2001 నాటికే ప్రకటించిరి. నేటి సాధనములు ఇంకను మెఱుగు. అయినను మకారమును 'వు' అని పొరబడుట వంటి దోషములు తప్పవు. కన్నులున్నవాడు మూలపుబొమ్మను చూచి దిద్దుకొనును. అంధుడైన పరిశోధకుడు ఆ దోషమును కవి ప్రయోగముగనో, అపూర్వపాఠాంతరముగనో భావింపవచ్చును. పాఠపరిష్కరణమే వృత్తిగా గల మనకు ఇది చిన్న విషయము కాదు.

చట్టము ఈ మార్గమున ముందే నడచినది. 2012 నాటి కాపీరైటు సవరణము వికలాంగుల నిమిత్తము గ్రంథములను అనువైన రూపములలోనికి మార్చుట కనుమతించెను. 2013 నాటి మర్రకేష్ ఒడంబడికను 2014లో మొట్టమొదట ధ్రువపఱచిన దేశము మనది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సమాచారసౌలభ్యమును విధిగా చేసినది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, సౌలభ్యప్రమాణములను కేవల సూచనలుగా విడిచిన నియమమును చెల్లదనెను. 2025 ఏప్రిల్ 30న డిజిటల్ సౌలభ్యము జీవించు హక్కులోని భాగమే యని తీర్పు చెప్పెను.

యూనికోడ్‌లో కూర్చినంతనే సర్వము సిద్ధించునను భ్రమ మన విభాగములలో కలదు. పీడీఎఫ్‌గా మార్చునపుడు వర్ణక్రమము చెడి, ఒత్తులు చెదరుట తఱచు. శీర్షికను పెద్దయక్షరములతో చూపుట చాలదు. అది శీర్షికయని ఫైలులో గుర్తింపవలెను. లేనిచో మూడువందల పుటల సిద్ధాంతవ్యాసమును మొదటినుండి తుదివఱకు వినినగాని ఐదవ ప్రకరణము దొరకదు. పద్యమేదో, టీకయేదో, అధోజ్ఞాపికయేదో చెవికి తెలియవలెను.

శాసనముల ఛాయాచిత్రముల మాట యేమని కొందఱు ప్రశ్నింపవచ్చును. అందుకు క్రొత్తగా వెదకనక్కఱలేదు. 1892లో మొదటి సంపుటము వెలువడిన ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రతిబింబపటముతో పాటు శాసనపాఠమును పంక్తిసంఖ్యలతో నిచ్చు పద్ధతి కలదు. ఎక్కడ ఱాయి విఱిగినదో, ఏ యక్షరము సందిగ్ధమో అందు తెలుపబడును. ఆ పాఠమును యూనికోడ్‌లో పటము ప్రక్కన నుంచినచో తెఱచదువరికి కావలసిన వివరణమంతయు దాదాపుగా సిద్ధమైనట్లే.