ప్లేటు మీదికెక్కిన పల్లె గొంతు

2025 మార్చి 30న అభన్‌పూర్ నుంచి రాయపూర్‌కు మెమూ రైలు మొదలైంది. ఒకప్పుడు ఆ రెండు ఊళ్ల మధ్య బెంగాల్-నాగపూర్ రైల్వే వేసిన రెండున్నర అడుగుల పట్టాల మీద చిన్న బండి నడిచేది. అభన్‌పూర్ దగ్గర ఆ దారి రెండుగా చీలి ఒక పాయ ధమ్తరీకి, ఇంకో పాయ రాజిం తీర్థానికి వెళ్లేది. మాఘ పున్నమి జాతరకు రాజిం వెళ్లే పల్లె జనానికి ఆ బండే దిక్కు. కొత్త రైలు వచ్చిన మరుసటి నెలలోనే, అంతగా సందడి లేకుండా, ఇంకో ముచ్చటకు 60 ఏళ్లు నిండాయి. ఛత్తీస్‌గఢీ భాషలో తొలి సినిమా ‘కహి దేబే సందేస్’ 1965 ఏప్రిల్‌లో విడుదలైంది. రైలు గురించి పత్రికలన్నీ రాశాయి. ఆ సినిమా పాటల గురించి రాయవలసింది ఇంకా చాలా ఉంది.

రాయపూర్ మనకు పరాయి ఊరేమీ కాదు. విశాఖ నుంచి విజయనగరం, రాయగడ మీదుగా పోయే రైలు అక్కడికే చేరుతుంది. భిలాయి ఉక్కు కర్మాగారం వచ్చాక మనవాళ్లు ఎందరో పొట్ట చేతబట్టుకుని ఆ వైపు వెళ్లి అక్కడే ఇళ్లు కట్టుకున్నారు. అన్నిటికీ మించి, ఆ తొలి సినిమాకు పాటలు రాసిన కవి పేరు డాక్టర్ ఎస్. హనుమంత నాయుడు. ఆ నాయుడు అన్న మాట చూడగానే తెలుగు పాఠకుడి కన్ను అక్కడ ఆగుతుంది. ఆయన కలం పేరు రాజదీప్.

ఛత్తీస్‌గఢ్ నేల మీద ఆటపాటల చరిత్ర ఎంత పాతదో చెప్పాలంటే సర్గుజా అడవుల్లోని రామగఢ్ కొండ దగ్గర మొదలుపెట్టాలి. అక్కడి సీతాబేంగా గుహలో రాతిని వంపుగా తొలిచి వేసిన అరుగుల వరుసలు చూసి, ఇది మన దేశపు అతి పాత నాటకశాల కావచ్చని పండితులు ఊహించారు. పక్కనున్న జోగీమారా గుహలో బ్రాహ్మీ లిపిలో చిన్న శాసనం ఉంది. సుతనుక అనే దేవదాసి, ఆమెను ప్రేమించిన దేవదిన్నుడు అనే కళాకారుడు అందులో కనిపిస్తారు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్ది నాటిదంటారు. ఆ తర్వాత రెండు వేల ఏళ్లలో సిర్పుర్ ఇటుక గుడి లేచింది. రాజింలో రాజీవలోచనుడి ఆలయం వెలిసింది. రతన్‌పూర్ కలచురులు, నాగపూర్ భోంస్లేలు ఏలి వెళ్లిపోయారు. రాజులు తమ దానాలనూ విజయాలనూ రాళ్ల మీద చెక్కించుకున్నారు. నాట్లేసే ఆడవాళ్ల పాటను చెక్కించిన రాజు ఒక్కడూ లేడు. సువా, దదరియా, కర్మ, పంథీ, పండ్వానీ అనే పల్లె పాటల రీతులన్నీ నోటి నుంచి నోటికే దాటుకుంటూ వచ్చాయి.

20వ శతాబ్దిలో మాత్రం కొన్ని పేర్లు తెలుస్తాయి. రాజిం పక్క చంసూర్‌లో 1881లో పుట్టిన పండిత సుందరలాల్ శర్మ, పల్లె భాషలో ‘దానలీల’ కావ్యం రాసి, ఈ మాటల్లోనూ కవిత్వం పండుతుందని చూపించారు. రాజనాందగావ్ దగ్గరి రవేలీ గ్రామంలో దావు మందరాజీ 1928లో ఒక నాచా బృందాన్ని నిలబెట్టారు. నాచా అంటే మన వీధి భాగోతానికి దగ్గరి చుట్టం. రాత్రి భోజనాలయ్యాక మొదలై తెల్లారేదాకా సాగుతుంది. ఆడవేషాలు మగవాళ్లే కడతారు. మన స్థానం నరసింహారావుగారి సత్యభామను చూసి మురిసినవాళ్లకు ఆ కళ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. కాగడాల వెలుతురులో, చికారా తీగ మీద నడిచిన నాచాలోకి హార్మోనియం తెచ్చింది మందరాజీయే. భూస్వామిగా పుట్టి, ఉన్నదంతా నాచాకే ధారపోశారాయన.

అప్పటికే పాటను పట్టి దాచే యంత్రం వచ్చేసింది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గొంతు రికార్డయింది. లక్కతో చేసిన 78 చుట్ల ప్లేటు మీద ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర పాట పట్టేది. అంతే పడుతుంది కాబట్టి గంటసేపు సాగే రాగాన్ని కూడా మూడు నిమిషాలకు కుదించాల్సి వచ్చేది. బాకా ముందు నిలబడి గట్టిగా పాడాలి, తప్పితే మళ్లీ మొదటి నుంచి. మన నాటక పద్యాలు ఇంటింటికీ చేరింది ఆ ప్లేట్ల మీదే. నాటకం ఆడని ఊళ్లలో సైతం కృష్ణుడి పద్యాలు కంఠతా వచ్చినవాళ్లు ఉండేవారు. 1943లో న్యూయార్క్‌లో ‘ఓక్లహోమా!’ అనే సంగీత నాటకం పాటలను, రంగస్థలం మీద పాడినవాళ్లతోనే పాడించి డెకా కంపెనీ ప్లేట్ల కట్టగా అమ్మింది. ఎక్కడైనా జరిగింది ఒకటే. ఆట ఒక ఊళ్లో ఆడుతుంది, పాట అన్ని ఊళ్లూ తిరుగుతుంది. తెర దించాక కూడా బతికి ఉండేది పాటే.

ఛత్తీస్‌గఢీ భాషకు ఆ అదృష్టం పట్టించినవాడు మనూ నాయక్. తిల్దా దగ్గర కుర్రా అనే పల్లెలో 1937లో పుట్టాడు. ఇరవయ్యేళ్ల వయసులో బొంబాయి చేరి, దర్శకుడు మహేశ్ కౌల్, రచయిత పండిత ముఖరాం శర్మల సంస్థ అనుపమ్ చిత్రలో చిన్న ఉద్యోగానికి కుదిరాడు. సినిమా ఎలా పుడుతుందో, డబ్బు ఎక్కడ పోతుందో ఆ ఆఫీసులోనే చూశాడు. 1963లో భోజ్‌పురిలో తొలి సినిమా ‘గంగా మైయా తోహె పియరీ చఢైబో’ వచ్చింది. శైలేంద్ర సాహిత్యం, చిత్రగుప్త సంగీతం, లతా, రఫీ గొంతులు కలిసి ఆ పాటలను హిందీ ప్రాంతమంతా మోగించాయి. భోజ్‌పురి పాడుతున్నప్పుడు మా భాష ఎందుకు పాడకూడదు అన్న పట్టుదల ఈ కుర్రవాడిలో లేచింది. చేతిలో డబ్బు లేదు, వెనక పెద్దవాళ్లు లేరు. ఉన్నదల్లా ఆ పట్టుదలే.

పాటలకు హనుమంత నాయుడు, బాణీలకు మలయ్ చక్రవర్తి కుదిరారు. ఇక పాడేవారు కావాలి. మనూ నాయక్ మనసులో ఉన్న పేరు మహమ్మద్ రఫీ. హిందీ సినిమాల్లో రఫీ అప్పుడు శిఖరం మీదున్న గాయకుడు. ఆయన మామూలుగా తీసుకునే సొమ్ము ఇచ్చే స్తోమత ఈ నిర్మాతకు లేదు. ఉన్న మాట ఉన్నట్టు చెప్పాడు. రఫీ నవ్వి, ఇవ్వగలిగినంతే పుచ్చుకుని పాడటానికి ఒప్పుకున్నారని మనూ నాయక్ తర్వాతి కాలంలో ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. రఫీ సరేనన్నాక మిగతావారు కాదనలేకపోయారు. మన్నా డే, సుమన్ కల్యాణ్‌పూర్, మహేంద్ర కపూర్, మీనూ పురుషోత్తం వరసగా వచ్చారు. అప్పటిదాకా ఒక్క సినిమా కూడా రాని భాష కోసం దేశంలోని మేటి గొంతులు కొన్ని ఒక చోట చేరాయి.

ఆ రోజుల రికార్డింగు ఎలా ఉండేదో తెలిస్తే ఈ పని విలువ తెలుస్తుంది. గాయకుడూ వాద్యబృందమూ ఒకే హాల్లో, ఒకేసారి. తబలా ఒక చోట తడబడినా, గాయకుడి నోట ఒక పలుకు జారినా టేకు పోయినట్టే. ఆ భాషలో ఎన్నడూ పాడని గాయకులు మాట మాటకూ ఆగి, పలుకు నేర్చుకుని పాడాలి. ఛత్తీస్‌గఢీ హిందీకి దగ్గరగా వినిపిస్తుంది గానీ క్రియల చివర్లు వేరు, సాగదీత వేరు. రఫీ పాడిన రెండు పాటల్లో ఒకటి పల్లెలోని నదితో, కొండతో బంధుత్వం కలుపుకుంటుంది. వింటున్నప్పుడు బొంబాయి స్టూడియో గుర్తుకు రాదు. పొలం గట్టున ఎవరో తెలిసినవాడు గొంతెత్తినట్టే ఉంటుంది. మీనూ పురుషోత్తం పాడిన అప్పగింతల పాట ఇప్పటికీ ఆ ప్రాంతపు పెళ్లిళ్లలో కంటతడి పెట్టిస్తుంది. ఒక గొప్ప గాయకుడు చిన్న భాషలో పాడినప్పుడు ఆ భాషవాళ్లు ఇంకాస్త నిటారుగా నిలబడతారు. రఫీ చేసిన మేలు అది. దాని ముందు ఆయన వదులుకున్న సొమ్ము చాలా చిన్నది.

షూటింగు 1964 చివర్లో పలారీ గ్రామంలో జరిగింది. పెద్ద చెరువు, దాని గట్టున పాత ఇటుక శివాలయం ఉన్న ఊరది. బొంబాయి నుంచి వచ్చిన బృందానికి అండగా నిలిచింది స్థానిక ఎమ్మెల్యే బ్రిజ్‌లాల్ వర్మ. తర్వాతి కాలంలో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వంలో కేంద్ర మంత్రి అయ్యింది ఈయనే. కథ చిన్నదే కానీ నిప్పులాంటిది. దళిత యువకుడు, బ్రాహ్మణ అమ్మాయి ప్రేమించుకుంటారు. ఊళ్లో అంటరానితనం ఎలా నడుస్తుందో సినిమా సూటిగా చూపిస్తుంది. విడుదలయ్యాక కొందరు భగ్గుమన్నారు, ప్రదర్శనలు ఆపాలన్నారు, బెదిరింపులూ వచ్చాయి. అప్పటి సమాచార ప్రసార శాఖ మంత్రి ఇందిరాగాంధీ సినిమాలో కొంత భాగం చూసి మెచ్చుకున్నాక గానీ ఆ వేడి తగ్గలేదు. కానీ సినిమా కోసం చేసిన అప్పులు తీరలేదు. మనూ నాయక్ ఆ తర్వాత ఇంకో సినిమా తీయలేకపోయాడు.

పాటలు మాత్రం ఆగలేదు. ఆకాశవాణి రాయపూర్ కేంద్రం 1963 అక్టోబర్ 2న మొదలైంది. సినిమా కంటే కాస్త ముందు పుట్టిన ఆ రేడియోకు సొంత భాషలో సినిమా పాట అంటే ఇవే. టాకీసులో రీళ్లు దిగిపోయాక కూడా రేడియోలో రఫీ పాడుతూనే ఉన్నారు. రేడియో అంటే ప్రాణం పెట్టే నేల అది. రేడియో సిలోన్‌కు, వివిధ భారతికి పాటలు కోరుతూ భాటాపారా శ్రోతలు రాసిన లెక్కలేనన్ని ఉత్తరాలు చూసి దేశంలో ఆ ఊరి పేరే ఒక వింతైంది. సినిమాను ఒక్కసారైనా చూడని పల్లెలకు ‘కహి దేబే సందేస్’ చేరింది చెవి ద్వారానే.

1971లో రెండో సినిమా ‘ఘర్ ద్వార్’ వచ్చింది. హరి ఠాకుర్ పాటలు, జమాల్ సేన్ సంగీతం. రఫీ మళ్లీ పాడారు. తర్వాత మూడు దశాబ్దాల పాటు తెర దాదాపు ఖాళీ. ఆ లోటు రంగస్థలం తీర్చింది. అదే 1971లో బఘేరాలో దావు రామచంద్ర దేశ్‌ముఖ్ ‘చందైనీ గోందా’ను ఆడించారు. రైతు బతుకును పాటల దండగా గుచ్చిన ప్రదర్శన అది. లక్ష్మణ్ మస్తూరియా పాటలకు ఖుమాన్‌లాల్ సావ్ కట్టిన బాణీలు ప్రదర్శన ఆగిపోయినా నేటికీ వినిపిస్తున్నాయి.

రాయపూర్‌లోనే 1923లో పుట్టిన హబీబ్ తన్వీర్ ఈ నాచా కళాకారులను ఢిల్లీకి, లండన్‌కు, ఎడిన్‌బరోకు తీసుకెళ్లారు. లండన్‌లో నటన చదివి, బెర్లిన్‌లో బ్రెక్ట్ నాటకాలు చూసి వచ్చిన మనిషి, చివరికి తన గొంతును రవేలీ లాంటి పల్లెల్లోనే వెతుక్కున్నారు. ‘చరణ్‌దాస్ చోర్’ను 1975లో శ్యాం బెనెగల్ సినిమాగా తీశారు. స్మితా పాటిల్ తొలిసారి తెర మీద కనిపించింది అందులోనే. నాటకంగా అది 1982లో ఎడిన్‌బరో ఫ్రింజ్ ఉత్సవంలో బహుమతి గెలిచింది. దాని పాటలు రాసినవారు స్వర్ణకుమార్ సాహు, గంగారాం సాకేత్.

క్యాసెట్టు వచ్చాక కథ ఒక దారిన నడవలేదు. పండ్వానీ, జస్ గీతాలు, పెళ్లి పాటలు, వేడి వేడి దదరియాలు అన్నీ ఒకే బండి మీద అమ్ముడుపోయాయి. 2000 అక్టోబర్ 27న ‘మోర్ ఛైంహా భుయియా’ విడుదలైంది. అయిదు రోజులకు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. కొత్త రాష్ట్రమూ కొత్త సినిమా పరిశ్రమా ఒకేసారి కళ్లు తెరిచాయి. 2009లో ‘ఢిల్లీ-6’ ఆల్బంలో ఎ.ఆర్. రెహమాన్ చేతి మీదుగా ‘ససురాల్ గేందా ఫూల్’ దేశమంతా మోగింది. రేఖా భరద్వాజ్‌కు ఫిల్మ్‌ఫేర్ బహుమతి తెచ్చింది. రాయపూర్ జోషీ సోదరీమణులు దశాబ్దాల కిందటే పాడిన పాట ఇది, రాసింది ఆ గంగారాం సాకేతే, బాణీ కట్టింది నాచా నటుడు భుల్వారాం యాదవ్ అని ఛత్తీస్‌గఢ్ కళాకారులు గొంతెత్తి చెప్పారు. ఆ మరుసటి ఏడు ‘పీప్లీ లైవ్’ ఆల్బంలో హబీబ్ తన్వీర్ కూతురు నగీన్ తండ్రి నాటకంలోని మట్టి పాటను పాడారు. అది కూడా గంగారాం రాసిందే. ఒకే కవి పాటలు రెండు పెద్ద ఆల్బంలకెక్కాయి. దేశంలో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

ఇప్పుడు ప్లేటూ లేదు, క్యాసెట్టూ లేదు. ఫోనులో పాట వస్తుంది, పక్కన హీరో బొమ్మ వస్తుంది. రాసినవాడి పేరు చాలాసార్లు రాదు. మనూ నాయక్ సినిమా అప్పులపాలైనా హనుమంత నాయుడి పేరు మిగిలింది. పాటతో పాటు పేరును కూడా అచ్చు వేసి, ప్రసారం చేసి కాపాడారు కాబట్టే మిగిలింది. జానపదం అని ఒక్క మాట రాసి చేతులు దులుపుకుంటే ఆ కాపుదల ఉండదు. ఇది మనకూ వర్తిస్తుంది. శ్రీకాకుళం నుంచి పాలమూరు దాకా మన సినిమాలు ఎత్తుకున్న పల్లె బాణీలకు లెక్కేలేదు. కట్టినవారిలో చాలామంది పేరు లేకుండానే పోయారు. జానపద పాటను ఆల్బంలో చేర్చే ప్రతి కంపెనీ మూడు వివరాలు తప్పకుండా వేయాలి: రాసినవారు, బాణీ కట్టినవారు, పాట పుట్టిన ఊరు. బతికున్నవారికి, వారి పిల్లలకు రాబడిలో వాటా ఇవ్వాలి. ఆకాశవాణి కేంద్రాల బీరువాల్లోని పాత టేపులను పేర్లతో సహా జనానికి వినిపించాలి. రఫీ అంతటివాడు తన సొమ్ములో కొంత వదులుకుని ఆ భాషకు గౌరవం ఇచ్చాడు. కంపెనీలు ఇవ్వాల్సింది అంతకంటే చాలా తక్కువ.