హాంకాంగు ఆసుపత్రికి రూకలిచ్చినదెవరు?

చీనా తీరమందలి హాంకాంగు ద్వీపము 1842 నాటి సంధివలన ఆంగ్లేయుల వశమాయెను. రేవునిండ ఓడలు, ఊరినిండ సిపాయిలు, నావికులు. వీరిలో సుఖవ్యాధులు ప్రబలుచుండగా, 1857లో గవర్నరు సర్ జాన్ బౌరింగు ఒక చట్టము చేసెను. విదేశీయులు పోవు వేశ్యాగృహములను పట్టీలో వ్రాయించవలెను; అందలి స్త్రీలను వైద్యుడు పరీక్షింపవలెను; రోగము కనబడినవారిని ‘లాక్ ఆసుపత్రి’లో ఉంచవలెను. పరీక్ష స్త్రీలకే గాని వారియొద్దకు వచ్చు పురుషులకు కాదు. అప్పటి మందు పాదరసము. రోగమును నిశ్చయముగా కుదుర్చు పెన్సిలిన్ 1940ల వరకు రాలేదు.

ఈ బౌరింగు దొర మనకు బొత్తిగా క్రొత్తవాడు కాడు. సిలువయందు అతిశయించుటను గూర్చిన ప్రసిద్ధమైన ఆంగ్ల కీర్తన 1825లో వ్రాసినది ఆయనయే. ఆ చేతితోనే ఈ చట్టమునకు వ్రాలు చేసెను!

మరి ఆసుపత్రి ఖర్చు ఎవరు భరించిరి? పటాలము మేలుకొరకు కట్టినదాయెను గనుక పటాలమే ఇచ్చెననుకొందుము. అట్లు కాదు. ఆ గృహములే నెలనెల సర్కారుకు రుసుము కట్టవలెను. ఆ రుసుము స్త్రీల సంపాదనలోనిదే గదా! వారిలో అనేకులు బాల్యమందే అమ్ముడుపోయినవారు. తమ్మును నిర్బంధించిన మంచమునకు తామే వెల యిచ్చుకొనిరి. యూదా పారవేసిన వెండిని కానుకల పెట్టెలో వేయుటకు ప్రధానయాజకులైనను సంకోచించిరి. హాంకాంగు ఖజానాకు ఆపాటి సంకోచమైనను లేకపోయెను.

1867లో మరింత కఠినమైన చట్టము వచ్చెను. పట్టీలో లేని యిండ్లను పట్టుకొనుటకు వేగులవారిని పంపి, వారికి ఈ రుసుముల సొమ్మునుండియే కూలి యిచ్చిరి. సర్కారు నాణెము చేతబట్టుకొని లోపలికి పోయి, పాపము చేసి, వచ్చి సాక్ష్యము చెప్పుట వారి పని. 1877లో అట్టి సోదాకు వెరచి యింటికప్పు మీదికి పారిపోయిన యిద్దరు స్త్రీలు క్రిందపడి చనిపోయిరి. అప్పటి గవర్నరు హెనెసీ విచారణసంఘమును నియమింపగా, 1879 నాటి దాని నివేదికలో ఈ సొమ్ము సంగతులన్నియు బయటపడెను.

ఇట్టి ఆసుపత్రులు మన సికింద్రాబాదు దండులోను ఉండెను. ఇంగ్లండులో ఒక పాదిరిగారి భార్యయైన జోసఫీన్ బట్లరమ్మ 1869 మొదలుకొని పోరాడగా, అక్కడి చట్టము 1886లోను, ఇండియా చట్టము 1888లోను కొట్టివేయబడెను. ఆ పిమ్మట హాంకాంగు చట్టమును తీసివేసిరి. అయినను ఆ గృహములు మాత్రము 1930ల వరకు సర్కారు ఎరుకతోనే నడిచెను.